చిన్నది ఏడవలేదు

పాలు తాగిన పసిపిల్లకు తేన్పు తెప్పించడంలో నన్ను మించినవాళ్ళు శంషాబాద్‌లో లేరని అనుకునేదాన్ని. అనుకోవడమే కాదు, పదిమందిలో అనేదాన్ని కూడా. ఎవరింట్లో బాలింత ఉన్నా సరే, పిలిచినా పిలవకపోయినా వెళ్ళి, "ఇటియ్యమ్మా బిడ్డను" అని భుజాన వేసుకునేదాన్ని. అరచేత్తో వీపును కింది నుంచి పైకి నిమిరి నాలుగు తట్లు తట్టేసరికి తేన్పు వచ్చేది. తల్లి ముఖం వెలిగిపోయేది. నా ముఖం ఇంకా ఎక్కువ వెలిగేదనుకుంటాను.

నా పేరు సుగుణ. మంఖాల్ చుట్టుపక్కల ఊళ్ళలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నెలనెలా పిల్లల్ని తూచడం మా పనుల్లో ఒకటి. కాటాను దూలానికి వేలాడదీసి, దాని సంచిలో బిడ్డను పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూడాలి. "తూచొద్దు టీచరమ్మా, దిష్టి తాకుతది" అని తల్లులు పిల్లల్ని కొంగు చాటున దాచుకునేవాళ్ళు. నేను ఊరుకుంటానా? "దిష్టి లేదు, నీ తలకాయ లేదు! బిడ్డ ఎండిపోతే నీ దిష్టి వచ్చి పాలు పడతదా?" అని గద్దించి, బిడ్డను లాక్కుని మరీ తూచేదాన్ని. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. గండం గడిచింది, పిల్లలిద్దరూ బాగున్నారు, మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తరు కాబట్టే నాకు ఊపిరాడదు. కవలలు పుట్టిన ఇంటివాళ్ళు చదివితే జాగ్రత్తపడతారని కొంత, రాస్తే నా మనసు కాస్త కుదుటపడుతుందేమోనని కొంత ఆశ.

ఆషాఢం

మా అబ్బాయి శ్రీకాంత్ ఎయిర్‌పోర్ట్ కార్గోలో పనిచేస్తాడు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. కోడలు మౌనిక. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఎక్కని దవాఖాన మెట్లు లేవు, మొక్కని దేవుడు లేడు అన్నాక, ఆమె కడుపు పండింది. అదీ ఒకేసారి ఇద్దరు. బోనాల వారంలో ఆపరేషన్ చేసి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలే. మొదట వచ్చింది బొద్దుగా, బుగ్గలతో సహా వచ్చింది. రెండోది పిట్టంత ఉంది. పేర్లు పెట్టేదాకా పెద్దది, చిన్నది అని పిలుచుకున్నాం.

ఆనవాయితీ ప్రకారం మౌనికను బడంగ్‌పేట్‌లోని తల్లిగారింటికి పంపాలి. కానీ వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కడుపు మీద కుట్లతో ఉన్న పచ్చి బాలింత ఆ మెట్లు ఎలా ఎక్కుతుంది? అందుకని మా వియ్యపురాలు రాజ్యలక్ష్మే బట్టల సంచి పట్టుకుని మా ఇంటికొచ్చింది. వాళ్ళది గుడివాడ వైపు. ఇక్కడ స్థిరపడి ఎన్నేళ్ళయినా మాట మారలేదు. ఆమె నన్ను "వదినగారూ" అంటుంది. నేను "వదినా" అంటాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, ఒక ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ ఎలా ఉంటారో ఊహించుకోండి.

పెద్దది తాగుడంటే తాగుడే. ఎవరో లాక్కుంటారన్నట్టు గుటకలు వేసేది. పాలతోపాటు గాలీ మింగేది. ఇక పొద్దు వాలి, దీపాలు పెట్టే వేళయిందంటే మొదలు. కాళ్ళు పొట్టకు ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, ముఖం కందగడ్డ చేసుకుని గుక్క పట్టేది. పొట్ట మీద వేలు పెడితే డప్పులా బిగిసి ఉండేది. మా ఇంటి మీదుగా పోయే విమానాల మోత దాని ఏడుపు ముందు దిగదుడుపే.

దానికి మేం చేయని వైద్యం లేదు. రాజ్యలక్ష్మి తమలపాకుకు ఆముదం రాసి, దీపం సెగకు వెచ్చబెట్టి, తన చెంపకు ఆనించి చూసుకుని పొట్ట మీద పరిచేది. నేను ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసేదాన్ని. ఆమె ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరేది. నేను వెల్లకిలా వేసి, రెండు కాళ్ళూ పట్టుకుని సైకిల్ తొక్కించేదాన్ని. ఒకరు చేస్తుంటే ఇంకొకరికి చేతులు దురద.

"వదినగారూ, మరీ గట్టిగా తడుతున్నారేమోనండీ. పసిగుడ్డు కదా."

"నువ్వు నిమిరినట్టు నిమిరితే గాలి రాదు వదినా, నిద్ర వస్తది."

"మీరిద్దరు మాట్లాడుడు బంద్ చేస్తే గాలి అదే పోతది" అని శ్రీకాంత్ మంచం మీద నుంచి అరిచేవాడు. రాత్రి డ్యూటీకి పోవాల్సినవాడు, వాడికి కునుకు దొరికితే కదా.

ఒక సాయంత్రం మాటకు మాట పెరిగి, మౌనిక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు పంచుకున్నాం. పెద్దది అమ్మమ్మకు, చిన్నది నాయనమ్మకు. పాలివ్వడం తల్లి పని. తర్వాత గాలి తీయించడం, బుజ్జగించడం, నిద్రపుచ్చడం ఎవరి పిల్లకు వాళ్ళం. పైకి పని సులువు కావాలని చెప్పుకున్నాం. లోపల అది పందెమని మా ఇద్దరికీ తెలుసు.

పందెం నేను గెలిచాను. మా చిన్నది నాలుగు గుటకలు వేసి వదిలేసేది. భుజాన వేసుకుని ఒక్క తట్టు తడితే చాలు, పిట్ట కూసినంత చిన్న తేన్పు. ఆ వెంటనే నిద్ర. ఏడుపన్నది లేదు. ఆ పక్క గదిలో రాజ్యలక్ష్మి చెమటలు కక్కుతూ పెద్దదాన్ని మోస్తూ తిరుగుతుంటే, నేను చిన్నదాన్ని తొట్టిలో పడుకోబెట్టి గుమ్మంలో నిలబడి, "నా బిడ్డ బంగారం. చెయ్యి పడ్డదంటే చాలు" అనేదాన్ని. గుడ్డలు కూడా దానివి తక్కువే తడిసేవి. పెద్దదానివి దండెం నిండా ఉంటే దీనివి ఓ మూలన ఉండేవి. ఉతికే పని తగ్గిందని మురిశాను. "ఎంత శుభ్రమైన పిల్లో" అని వచ్చినవాళ్ళకు చెప్పాను. బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తెలియాలంటే తడిగుడ్డలు లెక్కపెట్టమని ఊరూరా బాలింతలకు చెప్పిన దాన్ని నేను!

కాన్పు దవాఖాన నుంచి పంపేటప్పుడు అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చిన్నపాప బరువు తక్కువ, నిద్రపోతున్నా సరే, రెండేసి గంటలకు లేపి పాలు పట్టండి అని. మౌనిక మరచిపోలేదు. రెండు మూడు సార్లు అడిగింది.

"అత్తయ్యా, చిన్నదాన్ని లేపనా?"

"ఇప్పుడే కదా పండుకున్నది. నిద్రల పిల్లను లేపొద్దు బిడ్డా, పాపం. దాన్ని లేపితే ఇద్దరు ఒక్కపారి మొదలువెడతరు. నువ్వు గూడ జర నడుం వాల్చు."

మౌనిక నడుం వాల్చేది. ఆమె కళ్ళ కింద నల్లగా పడింది, నిలబడితే కుట్లు లాగేవి. నేను చెప్పిన మాటలో దయ లేదనను. కానీ ఆ దయకు ఖరీదు చెల్లించింది చిన్నది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అది అడగలేదు.

శ్రావణం

మా పక్కింటి రజియా వచ్చింది ఒక సాయంత్రం. ఆమె భర్త ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతాడు. మా రెండిళ్ళకూ ఒకే ప్రహరీ, కూర గిన్నెలు ఆ గోడ మీద నుంచే అటూ ఇటూ పోతుంటాయి. పిల్లలకు చెరొక గౌను తెచ్చింది. ముందు పెద్దదాన్ని ఎత్తుకుని ముద్దు చేసింది. తర్వాత నా ఒళ్ళో నుంచి చిన్నదాన్ని తీసుకుంది. తీసుకోగానే ఆమె చేతులు కొంచెం పైకి లేచాయి. బరువుంటుందనుకుని ఎత్తితే తేలిపోయిందన్నమాట. నేను చూశాను. చూడనట్టే కూర్చున్నాను.

"అరె సుగుణక్కా, గీ చిన్నది గింత హల్కగున్నదేంది? దానికి దీనికి జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉన్నది. నోరు గూడ ఎండినట్టు కొడ్తున్నది. డాక్టర్‌కు జర చూపియ్యరాదు?"

నాకు చివ్వున కోపం వచ్చింది. "పుట్టుడే చిన్నగ పుట్టింది. పసిపిల్లల మీద గట్ల నోరు పెట్టొద్దు రజియా" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. బిడ్డను మెల్లగా నా ఒళ్ళో పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటిందో లేదో, నేను రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకుని చిన్నదాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా, "చూసిన్రా, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తాకిందో!" అన్నాను.

రాజ్యలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. "ఆవిడ అన్నదని కాదు గానీ వదినగారూ, రేపొకసారి తీసుకెళ్ళి తూయిద్దామంటారా?"

పెద్దదాని గాలి తీయించలేక నా పిల్ల మీద వంక పెడుతోందనుకున్నాను. "తూచుడు గీచుడు వద్దు. తూస్తే ఆయుష్షు తగ్గుతది."

మౌనిక పాలిస్తున్నదల్లా తలెత్తి చూసింది. "అదేంటత్తయ్యా? మీరు అందరి పిల్లల్నీ తూచేవారు కదా?"

"వాళ్ళు ఊరోళ్ళ పిల్లలు. ఇది నా మనవరాలు."

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇన్నేళ్ళు ఎంతమంది తల్లులను తిట్టానో, వాళ్ళంతా ఆ క్షణాన నా ఇంట్లో నిలబడి వింటే ఏమనేవాళ్ళు? పరాయి పిల్లల దగ్గర నాకు కాటా కనిపించేది. సొంత పిల్ల దగ్గర భయం కనిపించింది. ఇన్నేళ్ళకు దొరికిన పిల్లలు, వాళ్ళకేమైనా తక్కువని ముల్లు చూపిస్తే చూసే ధైర్యం నాకు లేదు. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

మర్నాడు పొద్దున్నే స్నానానికి నీళ్ళు తోడి చిన్నదాన్ని లేపబోయాను. లేవలేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. మౌనిక రొమ్ముకు ఆనిస్తే నోట్లోంచి జారిపోయింది. పెదాలు కదపలేదు. నేను దాని అరికాలు గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. చర్మం ఎర్రబడింది కానీ పిల్ల ఏడవలేదు. కాలు కొద్దిగా వెనక్కి లాక్కుంది, అంతే.

"ఏడువు బిడ్డా, ఏడువు తల్లీ" అంటూ నేనే పెద్దగా ఏడవడం మొదలుపెట్టాను. పక్కన రాజ్యలక్ష్మి ఒళ్ళో పెద్దది ఎప్పట్లాగే ఇల్లెగరగొడుతోంది.

శ్రీకాంత్ డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. రాజ్యలక్ష్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ప్రహరీ దగ్గరికి పరుగెత్తి, "రజియాగారూ, మీవారిని లేపండమ్మా!" అని కేకేసింది. రాత్రంతా బండి నడిపి అప్పుడే పడుకున్న మనిషి, లుంగీ మీదే వచ్చి క్యాబ్ తీశాడు. నిన్న సాయంత్రం నేను మాటతో కొట్టి పంపిన రజియా మాకంటే ముందు బండిలో కూర్చుంది. ఆమె ముఖంలోకి చూడటానికి నాకు తల కొట్టేసినట్టయింది.

దవాఖాన

ఆరాంఘర్ చౌరస్తాలో కాటేదాన్ నుంచి వచ్చే లారీలన్నీ ఆ పొద్దునే అడ్డం పడ్డట్టున్నాయి. మౌనిక చిన్నదాన్ని గుండెకు అదుముకుని, వేలితో దాని ముక్కు దగ్గర ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. రజియా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "బచ్చా హై భాయ్, జర జరగండి అన్నా" అని అందరినీ బతిమాలుతోంది.

పిల్లల దవాఖానలో లోపలికి పోగానే నర్సు బట్టలు విప్పి చిన్నదాన్ని కాటా మీద పడుకోబెట్టింది. మా కాలంలో ముల్లు కాటా. ఇప్పుడు ఎర్ర అంకెలు వెలుగుతాయి. పుట్టిననాటి బరువు నాకు కంఠతా వచ్చు. ఆ అంకెలు దానికన్నా తక్కువ చూపించాయి. ఎంత తక్కువో ఇక్కడ రాయలేను. నా చెయ్యి రాదు.

ఇక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. అరవలేదు, కసరలేదు. "నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోయిందమ్మా?" అని అడిగింది. మౌనిక నా వైపు చూసింది. గుడ్డలు ఉతికింది నేను.

"ఒక్కసారే, మేడం."

"పాలు తాగాక ఏమైనా ఇబ్బంది పడేదా? గాలి గానీ, ఏడుపు గానీ?"

"లేదు మేడం. ఒక్క తట్టుకే తేన్పు వచ్చేది. ఇబ్బందే లేదు."

చచ్చిపోయేటప్పుడు కూడా గొప్పలు మానరంటారే, అలాంటి మనిషిని నేను. ఆమె చిన్నదాని పొట్ట చూస్తూ, మెల్లగా, "కడుపునిండా తాగితే కదమ్మా గాలి పట్టేది" అంది. ఏడవాలంటే బలం కావాలని, ఆ బలం దీనికి లేదని చెప్పింది. ఒంట్లో నీళ్ళు తగ్గాయని, సుగర్ పడిపోయిందని, ఇవాళ గడవనివ్వండని చెప్పి అద్దాల తలుపు వెనక్కి తీసుకుపోయారు.

ఆ తలుపు బయట కుర్చీలుంటాయి, గోడకు ఆనించి వరసగా. అందరి చెప్పులూ తలుపు పక్కనే. లోపలికి తల్లిని తప్ప ఎవరినీ పంపరు. ఎప్పుడైనా తలుపు తెరిచి పాప తల్లి పేరు పిలిస్తే, పిలుపు మనది కాకపోయినా లేచి నిలబడతాం. మౌనిక పాలు పిండి చిన్న సీసాలో పోసి కిటికీలోంచి ఇచ్చి వచ్చేది. రెండు గుటకలు తాగిందంటే ముఖం విప్పారేది. ముక్కులోకి గొట్టం వేసి పడుతున్నామంటే మళ్ళీ గోడకు తల ఆనించేది. కుట్ల నొప్పికి కూర్చోలేక, నిలబడలేక, మౌనిక పడ్డ అవస్థ చూడలేక నేను కళ్ళు మూసుకునేదాన్ని. పెద్దదాన్ని రాజ్యలక్ష్మి ఇంట్లో డబ్బాపాలతో ఒక్కతే సముదాయించుకుంటోంది.

శ్రీకాంత్ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. అద్దంలోంచి బిడ్డను చూసి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "అమ్మా, మౌనికకు తెల్వదు, నాకు తెల్వదు. నీకు గూడ తెల్వదా?" అన్నాడు. అంతే. నా కొడుకు నన్ను కొట్టి ఉంటే తట్టుకునేదాన్ని. వాడు అన్నది నిజం. ఆ ఇంట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం రజియా ఖిచిడీ, దాంట్లోకి చింతపండు ఖట్టా టిఫిన్ గిన్నెలో తెచ్చింది. మౌనికకు తినిపించి, నాకు కూడా పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"రజియా, నిన్న నువ్వు పోయినంక నేను దిష్టి తీసిన. నీ దిష్టే తాకిందనుకున్న."

"నాకెర్క లేదా అక్కా? మీరేమో ఘాటు రాలేదంటున్నరు, గోడ అవతల మా ఇంట్ల అందరం దగ్గి దగ్గి సచ్చినం" అని నవ్వింది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "మేం గూడ నజర్ తీస్తం అక్కా. గానీ డాక్టర్‌కు గూడ చూపిస్తం. జర రెండూ చేస్తె అయిపాయె" అంది. ఎంత సులువైన మాట! నిన్న సాయంత్రం నాకు తట్టలేదు.

గడవనివ్వండన్న రోజు గడిచింది. ఆ తర్వాత ఇంకొకటి. గొట్టం తీసేశారని ఒక పూట చెప్పారు. మరో పొద్దున నర్సు తలుపు తెరిచి, విసుగ్గా, "చిన్నపాప తల్లెవరమ్మా? ఆకలికి అరుస్తోంది, త్వరగా రండి" అంది. మౌనిక చెప్పులు లేకుండానే, కుట్లున్న సంగతి మరచి పరుగెత్తింది. తలుపు మూసుకునే లోపు నాకూ వినపడింది. సన్నగా, కీచుగా, కోపంగా. మా పక్క కుర్చీలో కూర్చున్న ముసలాయన, ముక్కూ ముఖం తెలియనివాడు, నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయన మనవడు ఇంకా లోపలే ఉన్నాడు.

భాద్రపదం

చిన్నది ఇంటికొచ్చింది. లేపి లేపి పాలు పట్టాలి, వారం వారం తూయించాలి. ఇంటికొచ్చాక నేను దాన్ని ముట్టుకోలేదు. గుడ్డలు ఉతికాను, బాలింతకు పత్యం వండాను, గిన్నెలు తోమాను. పాలు తాగించగానే పిల్లను అందుకోవాల్సిన సమయానికి నాకు పెరట్లో ఏదో ఒక పని తగిలేది. రాజ్యలక్ష్మి నడుం పట్టుకుని ఇద్దరినీ మోసింది. పాపం, ఆమె ఇన్ని రోజుల్లో ఒక్క దెప్పిపొడుపు మాట అనలేదు. అంటే బాగుండునని ఎదురుచూశాను. నేను అలిగానని శ్రీకాంత్ అనుకున్నాడు. అలక కాదు. నా చేతులంటే నాకే భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం దండెం మీద గుడ్డలు ఆరేస్తుంటే మౌనిక చిన్నదాన్ని ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది.

"దీన్ని ఎందుకు ఎత్తుకోవట్లేదత్తయ్యా?"

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. మీ అమ్మ ఉన్నది కదా."

ఆమెకు అంత కోపం వస్తుందనుకోలేదు. "మీ ఒక్కరిదేనా తప్పు? లేపి పాలిమ్మని డాక్టర్ చెప్పింది నాకు. నేను కన్నాను దీన్ని. ఇది ఏడవకుండా పడుకుంటే నేనేమనుకున్నానో తెలుసా? దేవుడా, ఇదొక్కటైనా ఇలాగే ఉండనీ అనుకున్నాను. మీరు లేపొద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. మీరు అనకపోతే నేనే అనేదాన్ని. అందరూ నన్ను పాపం పిచ్చిపిల్ల, దానికేం తెలుసు అంటున్నారు. తప్పంతా మీరే మూటకట్టుకుని కూర్చుంటే నేనెవరికి చెప్పుకోవాలి?"

చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. నీ తప్పేం లేదు బిడ్డా అనబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట నాకు ఎంతమంది చెప్పలేదు? రజియా చెప్పింది, డాక్టరమ్మ కూడా చెప్పింది. ఒక్కసారైనా నాకు పనికొచ్చిందా? నేను నా బాధ చూసుకుంటూ తిరిగాను గానీ, అదే ఇంట్లో, అదే మంచం మీద, ఒక తల్లి నాకన్నా పెద్ద బరువు మోస్తోందని నా కంట పడలేదు. రెండోసారి కూడా నేను ఏడవని పిల్లను చూడలేదు.

"ఇద్దరం చేసినం బిడ్డా" అన్నాను. "ఇద్దరం కలిసే చేసినం."

ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చిన్నది మా ఇద్దరి మధ్య నలుగుతూ కాళ్ళు తన్నుతోంది. నేను మౌనిక వీపు నిమురుతూ నిలబడ్డాను. ఎంతసేపైనా ఏడవనీ అనుకున్నాను.

ఏడుపు తగ్గాక ఆమె ముఖం తుడుచుకుని, గుమ్మంలో కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. చిన్నది ఇప్పుడు అక్కను మించి తాగుతోంది, అదే ఆత్రం, అవే గుటకలు. తాగడం అయ్యాక మౌనిక దాన్ని నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది. భుజాన వేసుకున్నాను. కింది నుంచి పైకి నిమిరాను, తట్టాను. తేన్పు రాలేదు. పొట్ట బిగిసి ఉంది. కాళ్ళు ముడుచుకుంది, పిడికిళ్ళు బిగించింది, గుక్క పట్టింది. ఒళ్ళో బోర్లా వేశాను. వెల్లకిలా వేసి కాళ్ళు ఆడించాను. మళ్ళీ భుజాన వేసుకుని పెరడంతా తిరిగాను. రాలేదు. వెనకటి సుగుణనైతే ఎవరి కంటా పడకుండా గోడ వారకు పోయి, వచ్చేదాకా తట్టి, గెలిచి వచ్చేదాన్ని.

"వదినా!" అని ఇంట్లోకి కేకేశాను. "నాతోని అయితలేదు. జర నువ్వు చూడు."

నా జన్మలో ఎవరితోనూ అనని మాట అది. రాజ్యలక్ష్మి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ముఖం వంక చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను, చేసినా న్యాయమే. "ఇలా ఇవ్వండి వదినగారూ" అని భుజాన వేసుకుంది. నిమిరింది, తట్టింది, అటూ ఇటూ తిప్పింది. ఆమెకూ రాలేదు. చిన్నది గొంతు చించుకుని ఏడుస్తూనే ఉంది. గోడ అవతల నుంచి రజియా తల పైకెత్తి, ఏమైందన్నట్టు చూసింది. మౌనిక, రాజ్యలక్ష్మి, నేను, ముగ్గురం ఆ పిల్ల చుట్టూ నిలబడి ఉన్నాం. ఒక్కరం కూడా దాన్ని ఊరుకోమనలేదు.